జైరాజ్ గారు సరోజినీదేవికి ఏమవుతారు?

సెప్టెంబరు 28వ తేదీ వచ్చిందంటే మా జహీరాబాదులో సినిమా పిచ్చి ఉన్న అయిదారుగురం బస్టాండు దాపున ఒక ఛాయ్ హోటల్లో చేరడం కొన్నేళ్ళుగా ఆనవాయితీ. ఆ రోజు పైడి జైరాజ్ గారి పుట్టినరోజు. 1909లో కరీంనగర్‌లో పుట్టి, హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, ఇరవై యేళ్ళ వయసులో బొంబాయి చేరి, 1929లో మూకీ చిత్రాలతో మొదలుపెట్టి, 1980వ సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకొని, 2000 ఆగస్టు 11న ముంబయిలో కన్నుమూసిన హిందీ చిత్రాల కథానాయకుడు. మన నేల మీద పుట్టినవాడు. హైదరాబాదు నుండి బొంబాయి వైపు పోయే రహదారి మా ఊరి మీదుగానే పోతుంది గనుక ఆయన మీద మాకూ కొంత హక్కు ఉన్నదని మావాళ్ళ నమ్మకం.

చేరి ఏం చేస్తాం? ముచ్చట్లు చెప్పుకుంటాం. "జైరాజ్ సరోజినీ నాయుడికి మేనల్లుడు, ఎరికేనా?" అని ఒకాయన మొదలుపెడతాడు. "హాలీవుడ్ల గూడ చేసిండు" అని రెండవ ఆయన అందుకుంటాడు. "మొత్తం మూడు వందల సినిమాలు" అని మూడవ ఆయన అంటే, "కాదు, నూట డెబ్బయి" అని నాలుగవ ఆయన సవరిస్తాడు. ఛాయ్ చల్లారుతుంది, మనసులు వెచ్చబడతాయి. మన మహానుభావుణ్ణి స్మరించుకున్నామన్న తృప్తితో ఇళ్ళకు వెళ్ళిపోతాం.

ఈ టపా ఆ ముచ్చట్ల మీద ఫిర్యాదు. ముందే మనవి చేసుకుంటున్నాను, ఇందులో ఫిర్యాదీ నేనే, ముద్దాయినీ నేనే. ఆ బల్ల దగ్గర అందరికంటె ఎక్కువ ముచ్చట్లు చెప్పినవాణ్ణి నేనే గనుక, మిత్రులు తమను అన్నానని నొచ్చుకోవలసిన పని లేదు.

మొదట ఆ మేనల్లుడి సంగతి తేల్చుకుందాం. ఈ ముచ్చట మనకు ఇంగ్లీషు నుండి వచ్చింది. అక్కడ ఉన్న మాట నెఫ్యూ. ఇంగ్లీషువాడికి ఆ ఒక్క మాటతో సరిపోతుంది. తెలుగువాడికి సరిపోదు. సరోజినీదేవి పుట్టింటివారు బెంగాలీలు, ఛటోపాధ్యాయులు. తండ్రి అఘోరనాథ ఛటోపాధ్యాయ హైదరాబాదులో స్థిరపడిన విద్యావేత్త. మెట్టినింటివారు తెలుగువారు, భర్త డాక్టర్ ముత్యాల గోవిందరాజులు నాయుడు. జైరాజ్ గారి పూర్తి పేరు పైడిపాటి జైరుల నాయుడు. ఇప్పుడు వరస కలపండి. ఆమె అన్న కొడుకో తమ్ముడి కొడుకో అయితే మేనల్లుడే గాని, అప్పుడాయన ఛటోపాధ్యాయుడై ఉండాలి. అక్క కొడుకో చెల్లెలి కొడుకో అయితే కొడుకు వరస. బావగారి కొడుకో మరిది కొడుకో అయినా కొడుకు వరసే, కాని ఇంటిపేరు ముత్యాల కావాలి. ఆడబిడ్డ కొడుకైతే అల్లుడి వరస, ఇంటిపేరు వేరైనా చిక్కు లేదు. లేదా ఇంకా దూరపు చుట్టరికం ఏదో కావాలి.

ఇన్ని దారులుండగా, ఇన్నేళ్ళలో మాలో ఒక్కరమైనా "ఏ వైపు నుండి?" అని అడగలేదు. ఆలోచించండి. పెళ్ళిపందిట్లో పక్కన కూర్చున్నవాడు "మేం మీకు చుట్టాలమే" అంటే, ఎవరి తరఫున, ఏ ఊరు, ఎవరి మనుమడు అని మూడు తరాలు తవ్వితే గాని వదలని జాతి మనది. అటువంటి మనం ఒక గొప్ప నటుడికి ఒక గొప్ప కవయిత్రితో చుట్టరికం కలిపి, వరసైనా అడగకుండా ఊరేగించాం. ఎందుకంటే ఆ చుట్టరికం నిజమా కాదా అన్నది మనకు అక్కరలేదు. అది చెప్పగానే ఎదుటివాడు "అవునా!" అంటాడు. ఆ "అవునా" కోసమే చెప్పాం.

నా మొదటి అభ్యంతరం ఇదీ. ముచ్చటలో మన దృష్టి ఆ మనిషి మీద ఉండదు, ఎదుటివాడి కనుబొమల మీద ఉంటుంది.

రెండవ అభ్యంతరం హాలీవుడ్ గురించి. ఇది అబద్ధం కాదు. మార్క్ రాబ్సన్ దర్శకత్వంలో 1963లో వచ్చిన "నైన్ అవర్స్ టు రామా" అనే చిత్రంలో జైరాజ్ గారు నటించారు. 1966లో వచ్చిన "మాయా" అనే చిత్రంలోనూ నటించారు. అయితే ఆ మొదటి చిత్రం దేనిని గురించి? గాంధీజీ హత్యకు ముందరి తొమ్మిది గంటలను గురించి. స్టాన్లీ వోల్పర్ట్ రాసిన నవల ఆధారం. గాడ్సే వేషం వేసినవాడు హోర్స్ట్ బుఖోల్జ్ అనే జర్మను నటుడు. మన దేశంలో దానిని నిషేధించారు. జైరాజ్ గారు అందులో వేసిన పాత్ర ఘనశ్యామదాస్ బిర్లాది; గాంధీజీ తన చివరి దినాలలో ఢిల్లీలో ఉన్నది బిర్లా భవనంలోనే గనుక ఆ పాత్ర కథకు అవసరమైనది.

ఇవన్నీ మా బల్ల దగ్గర ఎన్నడూ చర్చకు రాలేదు. గాంధీజీ హత్య మీద విదేశీయుడు తీసిన, స్వదేశంలో నిషేధానికి గురైన చిత్రంలో, స్వాతంత్ర్యానికి ముందు నుండీ ఇక్కడ పేరు పొందిన నటుడు ఎందుకు నటించాడు, ఆ బిర్లాను ఎలా చూపాడు అన్న ప్రశ్నలు ఎంత ఆసక్తికరమైనవి! మాకు మాత్రం "హాలీవుడ్" అన్న ఒక్క మాట చాలింది. ఆ చిత్రం పేరు సరిగ్గా చెప్పగలిగినవాళ్ళం ఇద్దరమే. చూసినవాడు ఒక్కడూ లేడు, నాతో సహా.

గమనించండి, మన ముచ్చట్లన్నీ ఇంతే. జైరాజ్ గారు గొప్పవాడు, ఎందుకంటే సరోజినీదేవి బంధువు. గొప్పవాడు, ఎందుకంటే హాలీవుడ్ పిలిచింది. గొప్పవాడు, ఎందుకంటే ఫాల్కే పురస్కారం వచ్చింది. ఆయన గొప్పతనాన్ని ప్రతిసారీ పక్కింటి తక్కెడలోనే తూస్తున్నాం. ఆయన ఎలా నడిచేవాడు, ఎలా మాట్లాడేవాడు, తెర మీద ఎదుటి నటుడు మాట్లాడుతున్నప్పుడు ఏం చేసేవాడు అన్నది మనకు పట్టలేదు. మన ఇంటి తక్కెడ మనకు లేదా?

"పోనీయండి, కబుర్లే కదా, వీటి వల్ల నష్టం ఏమిటి?" అని మీరు అడుగుతారు. చార్లీ చాప్లిన్ తన పోలికల పోటీలో తానే ఓడిపోయాడన్న కథ వినని క్విజ్ విద్యార్థి ఉండడు. అది జరిగిందనడానికి గట్టి ఆధారం లేదు. అయినా చాప్లిన్‌కు ఆ కథ వల్ల వచ్చిన నష్టం లేదు. ఎందుకంటే "సిటీ లైట్స్" (1931) ఉన్నది, "మోడరన్ టైమ్స్" (1936) ఉన్నది. ఆయన తీసినవి దాదాపు అన్నీ ఉన్నాయి, శుభ్రమైన ప్రతులలో ఉన్నాయి. కథ విని నవ్వుకున్నవాడు రేపు ఆ చిత్రం చూస్తాడు. చూశాక కథను మరచిపోతాడు.

మన నటుడికి ఆ దన్ను లేదు. 1913 నుండి ఇరవై యేళ్ళ పైచిలుకు కాలంలో ఈ దేశంలో వెయ్యికి పైగా మూకీలు తీశారు. పూర్తిగా మిగిలినవి చాలా కొద్ది. అమెరికాలోనూ ఈ బాధ ఉన్నది: అక్కడి కాంగ్రెస్ గ్రంథాలయం 2013లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం 1912 - 1929 నడుమ తీసిన సుమారు 11,000 పూర్తి నిడివి మూకీలలో తొలి రూపంలో మిగిలినవి 14 శాతమే. కాని వాళ్ళు కనీసం లెక్క కట్టుకున్నారు. ఏది ఉన్నది, ఏది పోయింది, ఏ దేశంలో ఏ ప్రతి దొరికింది అన్నది రాసుకున్నారు. మనం "మూడు వందలా, నూట డెబ్బయా" అని ఛాయ్ హోటల్లో వేలంపాట పాడుకుంటున్నాం.

అవి ఎలా పోయాయి? ఆనాటి ఫిల్ము నైట్రేటు మీద తయారయ్యేది. తొందరగా అంటుకొనేది, నిలవ ఉంచితే మెల్లగా కుళ్ళి పొడి అయ్యేది. అందులో వెండి ఉండేది. ఆడటం మానిన చిత్రాన్ని దాచడం ఖర్చు, కరిగిస్తే నాలుగు రూపాయలు. కరిగించి అమ్ముకున్నారు. వాళ్ళను తిట్టుకోవడం సులభమే. కాని ఒక నటుడి పనిని పారేసి, అందులో తళుక్కుమనే దానిని మాత్రం తీసుకోవడమంటే, మన ముచ్చట్లలో మనం చేస్తున్నదీ అదే.

ఇంకొక ఉదాహరణ చెబుతాను, ఇది మన బ్లాగ్మిత్రులందరికీ ప్రియమైనది. ఎల్.వి. ప్రసాద్ గారు హిందీ తొలి టాకీ "ఆలం ఆరా" (1931), తమిళ తొలి టాకీగా చెప్పుకునే "కాళిదాస్" (1931), తెలుగు తొలి టాకీ "భక్త ప్రహ్లాద" (1932) మూడింటిలోనూ నటించారు. తెలుగు సినిమా గురించి రాసిన ప్రతివాడూ ఏదో ఒకనాడు ఈ ముచ్చట రాసినవాడే, నేనూ రాశాను. ఇది నిజం. అయితే ఆ మూడు చిత్రాలలో ఒక్కటి కూడా నేడు చూడడానికి లేదు. మూడింటికి మూడూ పోయాయి! మనం అత్యంత గర్వంగా చెప్పుకునే ముచ్చట మూడు ఖాళీ డబ్బాల మీద నిలబడి ఉన్నది. ఆ ముచ్చట చెప్పే ప్రతిసారీ మన గొంతులో గర్వం ఉన్నది గాని, ఒక్కసారైనా దుఃఖం ఉన్నదా?

ఆ దుఃఖం లేకపోవడం వల్లనే తప్పులు కూడా హాయిగా తిరుగుతున్నాయి. "భక్త ప్రహ్లాద" 1931 సెప్టెంబరు 15న విడుదలైందని ఎన్ని దశాబ్దాలు రాసుకున్నాం! ఒకరిని చూసి ఒకరం, ఆ ఒకరు మరొకరిని చూసి. పాత్రికేయుడు రెంటాల జయదేవ గారు పాత పత్రికలూ సెన్సారు వివరాలూ తిరగేసి, అది బొంబాయిలో 1932 ఫిబ్రవరి 6న విడుదలైందని నిరూపించేదాకా మనకు అనుమానమే రాలేదు. అలాగే "ఆలం ఆరా" చివరి ప్రతి 2003 జనవరిలో పూణే అగ్నిప్రమాదంలో కాలిపోయిందన్న ముచ్చట. ఆ ప్రమాదం నిజమే, ఎన్నో నైట్రేటు ఫిల్ములు అందులో బూడిదైనది నిజమే. కాని జాతీయ ఫిల్ము భాండాగారాన్ని నిలబెట్టిన పి.కె. నాయర్ గారు, ఆ చిత్రం ప్రతి తమకు ఎన్నడూ దొరకనే లేదని చెప్పారు. అది అంతకు ఎంతో ముందే పోయింది. మంటలో కాలిపోయిందంటే కథకు రంగు వస్తుంది. పట్టించుకోక పోగొట్టుకున్నామంటే మన మీదికి వస్తుంది. అందుకే మనకు మంట కథ ఇష్టం.

ఇప్పుడు నా నేరం. కొన్నేళ్ళ క్రితం మా వీధిలోని పిల్లలను క్విజ్ పోటీకి తయారుచేస్తూ, ఫాల్కే పురస్కారం అందుకున్న తొలి తెలుగువాడు పైడి జైరాజ్ అని చెప్పాను. ఎక్కడ చదివానో గుర్తు లేదు. గర్వంగా చెప్పానన్నది మాత్రం బాగా గుర్తున్నది. పోటీలో అదే ప్రశ్న వచ్చింది. ఒక అమ్మాయి లేచి నేను చెప్పినదే చెప్పింది. తప్పన్నారు. బి.ఎన్. రెడ్డి గారికి 1974వ సంవత్సరానికే ఆ పురస్కారం వచ్చింది గదా. ఆ అమ్మాయి ఇంటికి వచ్చి, "సార్, మీరే చెప్పిన్రు గద" అన్నది. కోపంగా కూడా అనలేదు. నేనేమో, "ఆయన తెలంగాణ నుండి తొలివాడమ్మా, నేను ఆ అర్థంలో చెప్పాను" అని తప్పించుకోజూశాను. ఆ అమ్మాయి నమ్మలేదు. నమ్మకపోవడమే మేలైంది.

అయితే నేను ఎక్కువ సిగ్గుపడేది దానికి కాదు. తప్పు తేదీని, తప్పు పేరును దిద్దుకోవచ్చు. దిద్దుకోలేనిది ఒకటి చేశాను.

మా బల్ల దగ్గరికి ఒక పెద్దాయన వచ్చేవారు. ఉర్దూ పంతులుగా పనిచేసి విరమించినవారు. అందరం మాస్టర్ సాబ్ అనేవాళ్ళం. చిన్నతనం బీదరులో గడిచింది. మా ప్రాంతం సంగతి మీలో కొందరికి తెలియకపోవచ్చు. జహీరాబాదు తెలంగాణకు పడమటి కొస, అవతల కర్ణాటక. ఇంట్లో తెలుగు, బజారులో దక్కనీ ఉర్దూ, సంతలో కన్నడం, కొందరి ఇళ్ళలో మరాఠీ. కనుక మా పెద్దలకు తెలుగు సినిమా ఎంత దగ్గరో హిందీ సినిమా అంత దగ్గర. మాస్టర్ సాబ్ ముచ్చట్లు చెప్పేవారు కాదు. మేం చెప్పేవి తల ఊపుతూ వినేవారు. ఒక యేడు, మేం అంతా అలసి ఆగినప్పుడు, ఆయన నోరు విప్పారు.

"హాతిం తాయి చూసిన్రా మీరెవరన్న?" అని అడిగారు. 1956లో హోమీ వాడియా తీసిన రంగుల చిత్రం అది; జైరాజ్, షకీలా నాయికానాయకులు. అందులో రఫీ పాడిన ప్రార్థన గీతం మాకందరికీ తెలుసు, చిత్రం ఎవరమూ చూడలేదు. ఆయన చిన్నపిల్లవాడిగా దానిని బీదరులో చూశారట. "గప్పుడు నాకేం సమజ్ కాలె. పెద్దగైనంక మళ్ళ చూసిన, గప్పుడు సమజైంది. ఆయన మాట విను. క అంటే క లెక్కనే ఉంటది, ఖ అంటే ఖ లెక్కనే ఉంటది. మూకీలు పోయి టాకీలు వచ్చినప్పుడు బొంబాయిల ఎంతమంది హీరోలు, హీరోయిన్లు పడిపోయిన్రు? మొఖం ఉన్నది, జబాన్ లేదు. ఈయనకు జబాన్ ఉన్నది. గది ఎవరిచ్చిన్రు? హైదరాబాదు ఇచ్చింది. తెలుగు ఇంట్ల పుట్టి..."

అంతవరకు చెప్పారు. అప్పుడు నేను, అక్షరాలా నేను, మధ్యలో అందుకొని, "మాస్టర్ సాబ్, ఆ సినిమా బీదరుల ఎన్ని రోజులు ఆడింది?" అని అడిగాను.

ఆయన కాసేపు నా వైపు చూశారు. "యాద్ లేదు సార్" అన్నారు. బల్ల మీది ముచ్చట్లు మళ్ళీ మొదలయ్యాయి. మాస్టర్ సాబ్ ఆ వాక్యం ముగించలేదు. రెండేళ్ళ తరువాత ఆయన పోయారు.

ఆ ముగియని వాక్యంలో ఏమున్నదో ఇప్పుడు నాకు కొంత కొంత అర్థమవుతున్నది. టాకీ రావడంతో మూకీల తారలు తబ్బిబ్బు పడ్డారన్నది చరిత్ర. ఆనాటి గొప్ప తార సులోచన అంతటి ఆమె హిందుస్తానీ నేర్చుకోవడానికి కొంతకాలం తెరకు దూరంగా ఉండవలసి వచ్చింది. జైరాజ్ గారు మాత్రం 1932లో "షికారీ"తో టాకీలలోకి దాటి, "భాభీ" (1938) వంటి బాంబే టాకీస్ చిత్రాలలో నాయకుడై, 1945లో దిలీప్ కుమార్ నాయకుడుగా "ప్రతిమ"కు దర్శకత్వం వహించి, "అమర్ సింగ్ రాథోడ్" (1957), "వీర్ దుర్గాదాస్" (1960) వంటి రాజపుత్ర వీరుల పాత్రల వరకు మూడు దశాబ్దాలు నిలబడ్డారు. తెలుగు ఇంటి పిల్లవాడు దర్బారు ఉర్దూ ధారాళంగా పలికి రాజులనూ నవాబులనూ ఆడాడంటే, దాని వెనుక ఒక నగరం ఉన్నది, నాలుగు భాషలు కలిసి బతికిన ఒక సంస్థానం ఉన్నది. మా జహీరాబాదు బజారులో నేటికీ వినబడే కలగలుపు ఆ సంస్థానపు శేషమే. అంటే జైరాజ్ గారి మీద మాకు హక్కు ఉన్న మాట నిజమే. అది రహదారి వల్ల వచ్చింది కాదు, నాలుక వల్ల వచ్చింది. దానిని చెప్పబోయిన ఒకే ఒక్క మనిషిని నేను ఎన్ని రోజులు ఆడిందని అడిగి ఆపేశాను.

ఇది జైరాజ్ గారి ఒక్కరి కథ కాదు. సావిత్రి గారిని తీసుకోండి. ఆమె చివరి దినాల గురించి, పందొమ్మిది నెలల అపస్మారకం గురించి, పోయిన ఆస్తుల గురించి చెప్పమంటే ప్రతి ఊళ్ళోనూ పదిమంది ముందుకు వస్తారు. 1968లో ఆమె "చిన్నారి పాపలు" చిత్రానికి దర్శకత్వం వహించారు, ఎక్కువగా స్త్రీలే పనిచేసిన చిత్రం అది. అందులో ఆమె దర్శకురాలిగా ఏం చేశారో చెప్పమంటే బల్ల దగ్గర నిశ్శబ్దం. ఆమె ఎలా పడిపోయిందో మనకు కంఠస్థం. ఎలా నిలబడిందో చూడడానికి మనకు తీరిక లేదు. ముచ్చటకు పతనం నచ్చుతుంది, పని నచ్చదు. పతనాన్ని ఒక వాక్యంలో చెప్పవచ్చు, పనిని కూర్చుని చూడాలి.

మిత్రులు ఒక మాట అంటారని ఎరుగుదును. "ముచ్చట్లే లేకపోతే ఆ పేరైనా ఎవరికి తెలుసు? రవీంద్రభారతిలో పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్ వెలిసిందంటే, పదిమంది పదే పదే చెప్పుకోబట్టే గదా?" అంటారు. ఒప్పుకుంటున్నాను. పేరు నిలవడం చిన్న విషయం కాదు. కాని ఆ థియేటరు పేరు పలికేవారిలో ఎంతమంది ఆయన చిత్రం ఒక్కటైనా చూశారు? "షోలే" (1975) పదిసార్లు చూసినవారు మనలో కొల్లలు; ఆ చిత్ర నటవర్గంలో ఆయన పేరు ఉన్నది. పదిసార్లు చూసినా మన కన్ను ఆయన మీద ఆగలేదు, మళ్ళీ ఆయన గురించి ముచ్చట్లు మనమే చెబుతాం. ఇంతకంటె విడ్డూరం ఏముంటుంది?

మా ఊరి పక్క పస్తాపూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉన్నది. చుట్టుపక్కల గ్రామాల దళిత స్త్రీలు అక్కడి సంఘాలలో చేరి పాత చిరుధాన్యాల విత్తనాలు కాపాడుతారు. ఏటా పాతపంటల జాతర బండ్ల మీద ఊరూరా తిరుగుతుంది. ఆ స్త్రీలే కెమెరా పట్టి చిత్రాలు తీశారు, 2008 నుండి సంఘం రేడియో నడిపారు. అక్కడ ఒకామెను నేను, "ఈ విత్తనం ఎన్నేండ్లు దాస్తవమ్మా?" అని అడిగాను. ఎన్ని రోజులు ఆడింది అని అడిగినవాడి ప్రశ్న లాంటిదే ఇదీ. "దాస్తే ఏమొస్తది సారూ? ఏటేటా ఎయ్యాలె. ఎయ్యకుంటె పురుగు పడ్తది" అన్నది. నాకు ఆ సాయంత్రమంతా మాస్టర్ సాబ్ గుర్తుకు వచ్చారు.

కనుక అభిమానులకు నావి మూడు విన్నపాలు. విన్నపాలంటున్నాను గాని కోపంగానే అంటున్నాను.

ఒకటి: చూడని చిత్రం గురించి ముచ్చట చెప్పకండి. చెప్పక తప్పకపోతే "నేను చూడలేదు" అని ముందు చెప్పి తరువాత చెప్పండి. సగం ముచ్చట్లు అక్కడే రాలిపోతాయి.

రెండు: ఎవరు చెప్పారో, ఎక్కడ చదివారో చెప్పండి. వరస అడగకుండా చుట్టరికం ఒప్పుకోకండి. పెళ్ళిపందిట్లో ఉన్న పాటి జాగ్రత్త సినిమా చరిత్రలో ఎందుకు ఉండకూడదు?

మూడు: మీ ఊళ్ళో ఆ చిత్రాలను తెర మీద చూసిన పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. తేదీలు అడగకండి, వంద రోజుల లెక్కలు అడగకండి. ఏం చూశారో చెప్పమనండి. వాళ్ళు వాక్యం ముగించేదాకా నోరు మెదపకండి. ముగించాక రాసిపెట్టండి.

ఈ యేటి సెప్టెంబరు 28న మేం ఛాయ్ హోటల్లో చేరడం లేదు. ఒక మిత్రుడి ఇంట్లో చేరి "హాతిం తాయి" మొదటి నుండి చివరి వరకు చూడాలని, ముగిసేదాకా ఎవరూ ముచ్చట చెప్పరాదని తీర్మానించుకున్నాం. క్విజ్‌లో నా వల్ల ఓడిపోయిన ఆ అమ్మాయి ఇప్పుడు డిగ్రీ చదువుతున్నది, తానూ వస్తానన్నది. "సార్, మీరు మధ్యలో మాట్లాడొద్దు మరి" అని షరతు పెట్టింది. ఒప్పుకున్నాను.